అర డెసిబెల్

రెండు జతల స్పీకర్లు పక్కపక్కన పెట్టి, ఏది బాగుందో చెప్పమంటే, మనిషి గట్టిగా మోగేదాన్నే బాగుందంటాడు. తేడా మరీ ఎక్కువైతే కనిపెట్టేస్తాడు. "ఇది సౌండు పెంచి పెట్టారండీ" అంటాడు. అర డెసిబెల్ దగ్గర మాత్రం దొరికిపోతాడు. చప్పుడు పెరిగిందని అతనికి తెలియదు, బాగుందని మాత్రం తెలుస్తుంది. "ఇందులో ప్రాణం ఉంది" అంటాడు. "ఏదో పొర తీసినట్టుంది" అంటాడు. ఒక చిన్న కారు ధర పెట్టి ఆ జతని ఇంటికి తీసుకుపోతాడు.

ఈ సంగతి నాకు నేర్పింది మా పెదనాన్న. దీన్ని ఎప్పుడూ వాడుకోవద్దని చెప్పింది కూడా ఆయనే.

నేను పనిచేసే షోరూంలో వెనక ఒక గది ఉంది. గోడలకి దళసరి గుడ్డ కొట్టి ఉంటుంది. తలుపు మూస్తే మన ఊపిరి మనకి వినిపిస్తుంది. గది మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నల్లటి పల్చటి తెర. తెర ముందు కుర్చీలు, తెర వెనక స్పీకర్లు, వాటి వెనక ఒక స్టూలు మీద నేను. ఒకే ధరలో ఉన్న రెండు జతల్లో ఏది కొనాలో తేల్చుకోలేనివాళ్లని యజమాని ఈ గదిలోకి తీసుకొస్తాడు. పేరు చూసి, పాలిష్ చూసి మోసపోకుండా తెర. నేను స్విచ్ ఇటు నొక్కితే ఒక జత మోగుతుంది, తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది. అటు నొక్కితే రెండో జత, పచ్చ దీపం.

అంతకుముందు రెండు జతల చప్పుడూ సమానం చెయ్యాలి. అదే నా అసలు పని. కూర్చున్న మనిషి చెవి ఎత్తులో స్టాండు మీద మీటరు పెట్టి, ఒక జతలోంచి ఈల వదులుతాను. ఈల అంటే నోటితో వేసేది కాదు. ఒక డిస్కులో ఉన్న సన్నటి ఒకే ఒక్క స్వరం. మీటరు చూపించిన అంకె నోట్‌బుక్కులో రాసుకుని, రెండో జతలోంచి అదే ఈల వదిలి, ఆ అంకె వచ్చేదాకా నాబ్ తిప్పుతాను. షోరూం తెరిచిన రోజు నుంచి అదే డిస్కు, అదే పద్ధతి. నేను చేరినప్పుడు యజమాని చూపించాడు, నేను నేర్చుకున్నాను.

యజమానికి మా డెలివరీ వ్యాను డ్రైవరు "సవరింపు" అని పేరు పెట్టాడు. అబద్ధం చెప్పే ముందు ఆయన తప్పకుండా గొంతు సవరించుకుంటాడు. "పొద్దున్నుంచి ఎన్నిసార్లు సవరించాడమ్మా?" అని డ్రైవరు నన్ను అడుగుతుంటాడు. పండగ సీజన్ అయితే లెక్కపెట్టలేం.

పెదనాన్న స్పీకర్లు తయారుచేస్తాడు. ఊరి చివర రేకుల షెడ్డు, అందులో ఒక రంపం మిషను, బిగింపులు, జిగురు డబ్బాలు, గోడకి చేరేసిన చెక్కలు. చెక్కలు కోసినా, తీగలు చుట్టినా ఆయనే. ముప్పై ఏళ్లుగా అదే పని. పదో తరగతి అయ్యాక నన్ను మా ఊరి నుంచి తీసుకొచ్చింది ఆయనే. మా బడిలో ఖాళీ పీరియడ్లో నేను బల్లల మీద వేలితో కొడుతూ ఏ బల్లకి మేకు వదులైందో చెప్పేదాన్ని. పంతుళ్లకి అది పిచ్చి చేష్ట. పెదనాన్నకి మాత్రం అది ఆస్తిలాగా కనిపించింది. "దీని చెవి మన ఇంటి చెవి" అని మా నాన్నతో అన్నాడు.

రెండేళ్లు ఆ షెడ్డులో ఆయన పక్కనే ఉన్నాను. పెట్టె బిగించాక అన్నివైపులా వేలి కణుపుతో కొట్టేవాడు. నన్నూ కొట్టమనేవాడు. ఎక్కడ బోలుగా పలికిందో ఇద్దరం విడివిడిగా సుద్దముక్కతో గీత పెట్టేవాళ్లం. ఇద్దరి గీతలూ ఒకేచోట పడితే ఆ రోజు టీ ఆయనే పెట్టేవాడు.

జిగురు ఆరే వేళకి గుర్తుగా ఒక చిన్న గడియారం పెట్టుకునేవాడు. టైము కాగానే అది సన్నగా కీచుమంటూ మోగేది. ఆయన పక్కనే గరుకు కాగితంతో చెక్క రుద్దుతూ తల కూడా ఎత్తేవాడు కాదు. నేనే వెళ్లి ఆపేదాన్ని. "పనిలో పడితే ఆయనకి లోకం పట్టదు" అని పెద్దమ్మ నవ్వేది. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ ఏడు ఆయన ఒక్కటే జత చేశాడు. ఏడు నెలలు పట్టింది. కొనేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్లు కూడా కంపెనీ పేరు లేదని మొహమాటంగా టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. ఆ జతని మా షోరూంలో పెట్టమని నేనే యజమానిని అడిగాను. ఆయన ఊరికే ఒప్పుకోలేదు. ఒక దిగుమతి జత అప్పుడే వచ్చింది. దానికీ దీనికీ ఒకే ధర చీటీ తగిలించాడు. "తక్కువ ధర పెడితే తక్కువ సరుకనుకుంటారమ్మా. సమానంగా పెట్టి పోటీ పెడదాం. ఆదివారం మన పాత కస్టమర్లు ఆరుగుర్ని పిలుస్తాను. ఎక్కువమంది దేనికి చీటీ వేస్తే ఆ జత ఏడాది పాటు ముందు గదిలో ఉంటుంది, ఆర్డర్లూ దానికే. రెండోది వెళ్లిపోతుంది" అన్నాడు. గొంతు సవరించుకోలేదు కాబట్టి నమ్మాను.

పెదనాన్నకి ఇది చివరి అవకాశం. ఆయన బావమరిదికి వంటింటి అల్మారాల వ్యాపారం ఉంది. షెడ్డు, రంపం, ఆయన చేతిపని అన్నీ తనకి ఇచ్చేయమని రెండేళ్లుగా పోరుతున్నాడు. "ఈ జత నిలబడితే నేను నిలబడ్డట్టు. లేకపోతే తలుపులు చేసుకుంటా" అన్నాడు పెదనాన్న.

శనివారం పొద్దున యజమాని నా స్టూలు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, రేపు రెండూ సమానంగా పెడుతున్నావు కదా?"

"పెడతాను సార్."

"మంచిది. సమానమంటే సమానమే. కానీ ఆ దిగుమతిది కొత్త మిషను, ఇంకా బిగుసుకుని ఉన్నట్టుంటుంది. దానికి ఒక్క అర... నీకు తెలుసుగా."

"చూస్తాను సార్."

"చూడటం కాదమ్మా, వినబడాలి." తన మాటకి తనే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం డ్రైవరు, పెదనాన్న కలిసి జతని మోసుకొచ్చారు. పాత దుప్పట్లలో చుట్టి, తాడు కట్టి, పసిపిల్లల్ని దించినట్టు దించారు. డ్రైవరు బయటికి వెళ్లాక పెదనాన్న మోకాళ్ల మీద కూర్చుని తీగలు బిగిస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"రేపు అర ఇవ్వు."

నాకు అర్థం కాలేదనుకుని మళ్లీ అన్నాడు. "దీనికి. అర."

"నువ్వే కదా పెదనాన్నా, అలా చెయ్యొద్దని..."

"చెప్పాను. అప్పుడు నాకు ఇంకో జత చేసే ఓపిక ఉంది."

"అలా చేస్తే గెలిచినా..."

"గెలిచినా ఏంటి? మీ సారు ఆ రెండో దానికి ఇమ్మని నీతో అనలేదా? అనలేదని ఒట్టు వెయ్యి చూద్దాం."

నేను వెయ్యలేదు.

"మరింకేం" అన్నాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లేచాడు. లేస్తూ ఒక చేత్తో పెట్టెని పట్టుకున్నాడు. బరువు దాని మీద వేసి లేవాల్సి వచ్చినందుకు ఆయనకి సిగ్గేసినట్టుంది. వెంటనే ఆ చేత్తోనే పెట్టె మీద లేని దుమ్ము తుడిచాడు. "నీకు ఎక్కువ చెప్పక్కర్లేదు. మన పిల్లవి."

నేను ఏమీ అనలేదు. నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. చిన్నప్పుడు తమ్ముడికి నా పలక ఇచ్చేసినప్పుడూ అంతే, పదో తరగతి తర్వాత చదువు చాలన్నప్పుడూ అంతే.

ఆదివారం అందరికంటే గంట ముందు వెళ్లాను. మీటరు పెట్టాను. దిగుమతి జతలోంచి ఈల వదిలాను. అంకె రాసుకున్నాను. పెదనాన్న జతలోంచి ఈల వదిలాను. అంకె కొంచెం పైకి పోయింది. నాబ్ దించాను. చుక్క తర్వాత అంకె కూడా కలిసేదాకా దించాను. ఇటు అర లేదు, అటు అర లేదు. నోట్‌బుక్కులో రెండు అంకెలూ పక్కపక్కన రాసి కింద గీత గీశాను. నిజం చెప్పాలంటే ఆ గీత గీస్తున్నప్పుడు నాకు గర్వంగా ఉంది. పెదనాన్న తన మాట తను మర్చిపోయినా నేను మర్చిపోలేదు కదా అనుకున్నాను.

పది గంటలకి ఆరుగురూ వచ్చారు. పళ్ల డాక్టరు, ఆయన భార్య, టైల్స్ వ్యాపారం చేసే అన్నదమ్ములిద్దరు, రిటైరైన లెక్కల మేష్టారు, ఇంకా చిటికెలాయన. చిటికెలాయన ఏ గదిలోకి వచ్చినా ముందు నాలుగు మూలలకీ వెళ్లి చిటికె వేసి, ప్రతిధ్వని విని, తల ఊపి కూర్చుంటాడు. మా గదిలో ఇప్పటికి వంద చిటికెలు వేసి ఉంటాడు. పెదనాన్నని వెనక గోడ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు, ఏమీ మాట్లాడకూడదనే షరతు మీద. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గోళ్లలో జిగురు మాత్రం పోలేదు.

నేను తెర వెనక కూర్చుని స్విచ్ నొక్కాను. ఎరుపు దిగుమతి జత. పచ్చ పెదనాన్నది. ఇది నాకూ యజమానికీ తప్ప ఎవరికీ తెలియదు. పెదనాన్నకి కూడా చెప్పలేదు. ఆయన జత ఆయనకి తెలియకపోతుందా!

ఒక ఆడమనిషి పాట ఇందులో కొంచెం, అందులో కొంచెం వినిపించాను. తర్వాత వీణ, తర్వాత డప్పులు.

"ఎరుపులో మనిషి వచ్చి ఎదురుగా కూర్చుందండీ" అన్నాడు పెద్ద టైల్సాయన.

"పచ్చలో పక్కింట్లో కూర్చుంది" అన్నాడు తమ్ముడు.

"పక్కింట్లో కూర్చుంటే నీకు ఇంకా ఇష్టం కదరా" అన్నాడు అన్న. అందరూ నవ్వారు.

"పచ్చ పల్చగా ఉంది. పాలలో నీళ్లు కలిపినట్టు." ఇది మేష్టారు.

"గొంతు వరకూ ఫరవాలేదు. కింద ఒళ్లు లేదు" అన్నాడు చిటికెలాయన. ఆయన ఎప్పుడూ ఇంత స్పష్టంగా మాట్లాడడు.

"నాకు రెండూ ఒకటేలాగా ఉన్నాయి. ఆ ఏసీ కాస్త తగ్గిస్తారా, కాళ్లు చల్లబడ్డాయి" అంది డాక్టరు గారి భార్య.

"నీ పళ్లు టకటకా కొట్టుకుంటే నాకు పనే కదా" అన్నాడు డాక్టరు.

నేను తెర సందులోంచి పెదనాన్నని చూశాను. పచ్చ వెలిగినప్పుడల్లా ఆయన ముందుకు వంగుతున్నాడు. ఎవరైనా పల్చగా ఉందంటే నేల చూస్తున్నాడు.

చీటీలు వేశారు. ఎరుపుకి ఐదు. పచ్చకి ఒకటి. ఆ ఒక్కటీ డాక్టరు గారి భార్యది. పచ్చ రంగు ఇష్టమని వేసిందట.

యజమాని తెర వెనక్కి వచ్చి నా భుజం దగ్గర వంగి, "భేష్. అరంటే అరే. చెయ్యి తిరిగిందమ్మా నీకు" అన్నాడు మెల్లగా. నేను కాదనడానికి నోరు తెరిచేలోపు తెర అవతలికి వెళ్లి అందరితో చేతులు కలుపుతున్నాడు.

పెదనాన్న మెట్ల దగ్గర నా కోసం నిలబడ్డాడు.

"అటేమైనా ఇచ్చావా?" అన్నాడు.

"లేదు పెదనాన్నా. ఒట్టు."

"ఇటు ఇచ్చావుగా?"

ఇవ్వలేదని చెప్పాలి. చెబితే, నా అర లేకే ఓడిపోయానని అనుకుంటాడు. సొంత తమ్ముడి కూతురు, తను తెచ్చి పనిలో పెట్టిన పిల్ల, అడిగిన ఒక్క సాయం చెయ్యలేదని అనుకుంటాడు. ఇచ్చానంటే అబద్ధం. రెండూ అనలేక నిలబడ్డాను. ఆయన ఎప్పటిలాగే లెక్క వేసుకున్నాడు.

"అంటే అర ముందుండి కూడా ఓడిపోయానన్నమాట. ఐదు, ఒకటి." కాస్త నవ్వాడు. "ఆ ఒకటీ రంగుకి."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇస్త్రీ చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయి ఉంది. ఏసీ గదిలో రెండు గంటలు కూర్చున్న మనిషికి అంత చెమట ఎక్కడిదో.

ఆ వారం షెడ్డుకి రెండుసార్లు వెళ్లాను. రంపానికి గుడ్డ కప్పి ఉంది. గోడకి చేరేసిన మంచి చెక్కల మీద పెన్సిలుతో అల్మారా తలుపుల కొలతలు రాసి ఉన్నాయి. బావమరిది రాత. పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచి, "అన్నం మానలేదులే, అదొక్కటే నయం" అంది. తర్వాత ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి, "ఆ పెట్టెల్లో ఆడగొంతు కొంచెం కీచుగా ఉందేమో చూడండని నేను అప్పుడే అన్నానే. నీకేం తెలుసు పో అన్నారు" అంది. పెద్దమ్మ మాటని నేను కూడా ఆయనలాగే పక్కన పెట్టేశాను.

జత మాత్రం షోరూంలోనే ఉండిపోయింది. వ్యాను ఖాళీ లేక పదకొండు రోజులు. పన్నెండో రోజు పొద్దున వచ్చి తీసుకుపోతానని పెదనాన్న కబురు పెట్టాడు. వెళ్లిపోయేలోపు ఒక్కసారి సరిగా విందామని నేను ముందే వెళ్లాను. నోట్‌బుక్కు చూసి ఆదివారం నాటి అంకెలకే నాబ్‌లు పెట్టాను. స్విచ్‌కి పొడుగు తీగ తగిలించుకుని, తెర ముందుకి వచ్చి, కస్టమరు కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. తెర వెనక స్టూలు మీదకి అన్ని జతలూ వీపు వైపు నుంచి ఒకేలా వినిపిస్తాయి.

పచ్చ పల్చగా ఉంది. మేష్టారు చెప్పింది నిజం. పాలలో నీళ్లు.

కానీ ఇది షెడ్డులో నేను విన్న జత కాదు. నాబ్ కొంచెం పెంచితే ఒళ్లు తిరిగి వచ్చింది. మళ్లీ మీటరు పెట్టి ఈల వదిలాను. పెంచినందుకు పచ్చ అంకె పైకి వెళ్లింది. దించితే సమానం. దించితే పల్చన. డిస్కు అట్ట వెనక్కి తిప్పి చదివాను. చివర్లో ఇంకో చప్పుడు ఉందని రాసి ఉంది, అన్ని స్వరాలూ కలిసి ఒకేసారి మోగేది. షోరూంలో మేమెవరం ఎప్పుడూ వాడలేదు. పెట్టాను. రేకుల మీద వాన పడుతున్నట్టు మోగింది. షెడ్డులో పెదనాన్న వానచప్పుడు అనేది ఇదే. మీటరు చూశాను. ఆదివారం నేను సమానం చేసి గీత గీసిన చోట, పచ్చ ఎరుపుకంటే ముప్పావు డెసిబెల్ కింద ఉంది.

పెదనాన్న పెట్టె ఈల స్వరం దగ్గర, ఆ ఒక్కచోట, మిగతా స్వరాలకంటే లేచి మోగుతోంది. ఆ ఒక్కదాన్ని సమానం చెయ్యడానికి నేను మొత్తం పెట్టెని దించేశాను. వరసలో ఒకడు పొడుగ్గా ఉన్నాడని వరస మొత్తాన్ని గోతిలో నిలబెట్టినట్టు. యజమాని అడిగింది అర. నేను నీతిగా కూర్చుని, గీత గీసి మరీ, ముప్పావు ఇచ్చాను.

అయితే ప్రతి చెక్కనీ కొట్టి చూసే మనిషి ఆ ఒక్కచోట ఎందుకు లేపాడో నాకు అంతు పట్టలేదు.

డ్రైవరు బయట వ్యాను వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది. పెదనాన్న దుప్పట్లు భుజం మీద వేసుకుని లోపలికి వచ్చాడు. నేను ఆగితే ఇక చెప్పలేనని తెలుసు.

"పెదనాన్నా, ఆ రోజు నేను నీకు అర ఇవ్వలేదు."

దుప్పటి పరుస్తున్న చెయ్యి ఆగింది.

"ఎవరికీ ఇవ్వలేదు. సమానం చేశాననుకున్నాను. తప్పు చేశాను. నీ జత ముప్పావు కింద మోగింది."

తిడతాడనుకున్నాను. ఆయన మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. పన్నెండు రోజుల్లో మొదటిసారి పనివాడిలాగా కనిపించాడు.

"దేంతో కొలిచావు?"

"ఈలతో."

"ఒక్క ఈలతోనా! వానచప్పుడు పెట్టలేదా? నీకు నేర్పింది ఇదేనా నేను?"

"ఇక్కడ ఎప్పుడూ ఈలతోనే..."

"ఇక్కడి సంగతి ఎవడడిగాడే! నీ సంగతి అడుగుతున్నాను." కోపం గొంతులోనే ఉంది, మొహంలో లేదు. మొహంలో ఇంకేదో వెలుగుతోంది. "ముప్పావా? ముప్పావు కింద ఉంటే ఎవడికైనా పల్చగానే ఉంటుంది. దేవుడి గొంతైనా పల్చగానే ఉంటుంది. అయితే ఓడిపోయింది పెట్టె కాదన్నమాట."

"కాదు పెదనాన్నా. ఈల స్వరం దగ్గర పెట్టె కొంచెం లేచి ఉంది. అందువల్ల..."

"ఎక్కడ లేచింది?"

"ఈల దగ్గర."

"లేవదు" అన్నాడు. "ఏడు నెలలు రోజూ విన్నాను. ఒక్కో స్వరం విడిగా విన్నాను. అక్కడ మొదట్లో బాగా అణిగిపోయి ఉండేది, అసలు ఆడగొంతే లోపలికి పోయేది. పెట్టెలోని పెద్ద కోనుకి వెళ్లే తీగచుట్టలో చుట్టు తగ్గేకొద్దీ ఆ స్వరం లేస్తుంది, ఒక్కో చుట్టూ విప్పుకుంటూ, విప్పుకుంటూ వచ్చి సరిచేశాను. ఇప్పుడు గీత గీసినట్టు ఉంటుంది. నీ మీటరుకి జబ్బు చేసింది."

ఆయన అలా చెబుతుంటే నాకు జిగురు గడియారం గుర్తొచ్చింది. పక్కనే కీచుమంటూ మోగే గడియారం, తల ఎత్తని ఆయన. ముప్పై ఏళ్ల రంపం. పెద్దమ్మ మాట. అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. మాట్లాడటం మొదలుపెట్టకుండా ఉండాల్సింది అనుకున్నాను.

"పోనీలే పెదనాన్నా. మీటరే అయ్యుంటుంది."

"పోనీలే ఏంటి? పెట్టు, నేను వింటాను. లేవలేదని తేలితే మీ సారుని ఇప్పుడే ఇక్కడికి పిలుస్తాను. మళ్లీ పోటీ పెట్టమంటాను. ఆ ఆరుగుర్నీ నేనే వెళ్లి బతిమాలి తీసుకొస్తాను. మీ పెద్దమ్మ తమ్ముడి తలుపులు వాడినే చేసుకోమంటాను. పెట్టవే!"

వెళ్లి కస్టమరు కుర్చీలో కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, వీపు నిటారుగా చేసి, కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో ఆయన ఇలాగే వినేవాడు.

నేను వెనక్కి వెళ్లి తెర పక్కకి లాగాను. ముందు గదిలో యజమాని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అటు వినిపించకుండా చప్పుడు తగ్గించి ఈల పెట్టాను. సన్నగా, సూదిలాగా గదంతా నిండింది. మీటరు మీద అంకె లేచి నిలబడింది.

పెదనాన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"ఊఁ, పెట్టు" అన్నాడు.

మోగుతూనే ఉంది. చప్పుడు పెంచితే వినిపిస్తుంది. పెంచి, ఇప్పుడే పెట్టానని చెప్పొచ్చు. లేదా ఆపేసి, డిస్కు పాడైందని చెప్పొచ్చు. నా చెయ్యి నాబ్ మీదే ఉంది. ఏది తిప్పాలో తేలలేదు.

"నిద్రపోయావా ఏంటే? పెట్టవే తల్లీ" అన్నాడు. నవ్వుతున్నాడు.

అప్పుడు డ్రైవరు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. వస్తూనే మొహం చిట్లించి ఒక చెవిలో వేలు పెట్టుకున్నాడు.

"అబ్బా, ఆపమ్మా తల్లీ దాన్ని! ఎంతసేపు? తలుపు దగ్గరికే జివ్వుమని కొడుతుంటే, ఈయనెలా కూర్చున్నాడో ఇక్కడ!"

పెదనాన్న కళ్లు తెరిచాడు. డ్రైవరు చెవిలో ఉన్న వేలు చూశాడు. మీటరు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు మొహం మీదే ఉండిపోయింది.

నేను చెయ్యి కదిపి ఈల ఆపేశాను. ఆయన నా చేతి వైపే చూస్తున్నాడు, అది ఎప్పుడు ఆగిందో తెలుసుకోవడానికి.

"ఆగిందా?" అన్నాడు.

తల ఊపాను.

ఆయన లేచి దుప్పటి తీసుకుని మొదటి పెట్టెకి చుట్టాడు. మూలలు మడిచాడు. తాడు వేసి ముడి బిగించాడు. ముడి బిగిస్తూ అలవాటుగా వేలి కణుపుతో పెట్టె పక్కన ఒకసారి కొట్టాడు. కొట్టి, వేలు అక్కడే ఆపేశాడు.

"రెండో వైపు పట్టుకోవయ్యా" అన్నాడు డ్రైవరుతో. "అల్మారా తలుపులకి చెవులతో పనిలేదు. త్వరగా వెళ్దాం."

డ్రైవరుకి ఏమీ అర్థం కాలేదు. పట్టుకున్నాడు. ఇద్దరూ పెట్టెని తలుపులోంచి పక్కకి వంచి బయటికి తీసుకెళ్లారు.

ముందు గదిలోంచి యజమాని నన్ను పిలిచాడు. కొత్త కస్టమరు వచ్చాడట, ఒకే ధరలో రెండు జతలు విని తేల్చుకోవాలట. నేను వానచప్పుడు సంగతి చెప్పాను. ఈలతో కొలిస్తే తప్పు వస్తుందని, పెదనాన్న జతకి అలాగే జరిగిందని చెప్పాను.

ఆయన మొత్తం విన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అయ్యో, పాపం" అన్నాడు. "సరేలే, ఇప్పటికి ఈలతోనే కానియ్యి. కస్టమరు అక్కడ కూర్చుని ఎదురుచూస్తున్నాడు."